కాలేజీ ఉన్న ఊళ్లో కాపురం: హనుమకొండ, తిరుపతి, కాకినాడ, బాపట్లలో ఏది ఎవరికి నప్పుతుంది?

నేను చదివింది బాపట్ల వ్యవసాయ కళాశాలలో. ఆ తర్వాత బ్యాంకులో వ్యవసాయ అధికారిగా చేరి, బదిలీల మీద కాకినాడలో నాలుగేళ్లు, హనుమకొండలో ఆరేళ్లు, తిరుపతిలో మూడేళ్లు ఉన్నాను. మధ్యలో కాలేజీ అనేదే లేని చిన్న ఊళ్లలోనూ, హైదరాబాద్‌లోనూ పనిచేశాను. ఇన్నిచోట్ల సామాన్లు దింపుకున్నాక ఒక మాట గట్టిగా చెప్పగలను. మహానగరంలో ఉండలేక, పల్లెకు పోలేక ఊగిసలాడేవాళ్లకు నాలుగైదు కాలేజీలున్న మధ్యరకం ఊరు బాగా సరిపోతుంది.

అయితే ఏ ఊరన్నది తేల్చుకోవడంలోనే చాలామంది పొరపడుతున్నారు. కాలేజీ పేరు, ర్యాంకు చూసి ఊరిని ఎంచుకుంటున్నారు. మీరు అక్కడ చదవబోవడం లేదు కదా, కాపురం ఉండబోతున్నారు. విద్యార్థి కాని మనిషికి ఆ కాలేజీ వల్ల ఏం దక్కుతుందో చూడాలి.

అమెరికాలో ఎంఎస్ చేసి వచ్చిన పిల్లలు ‘కాలేజ్ టౌన్’ అంటే యూనివర్సిటీ చుట్టూ పెరిగిన చిన్న ఊరిని ఊహించుకుంటారు. మన దగ్గర వరస వేరు. ఊరు ముందు పుట్టింది, కాలేజీ తర్వాత వచ్చింది. ఓరుగల్లు కాకతీయుల రాజధాని, తిరుపతి యాత్రాస్థలం, కాకినాడ రేవు పట్నం, బాపట్ల గుడి చుట్టూ వెలసిన ఊరు. చదువులు వాటికి తర్వాత వచ్చి చేరాయి. అందుకే ఊరి పాత స్వభావం, కాలేజీ తెచ్చిన కొత్తదనం రెండూ కలిపి చూసుకోవాలి.

## ముందుగా ఏం చూడాలి

పెద్దాసుపత్రి. నా లెక్కలో మొదటిది ఇదే. మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్లో దానికి అనుబంధంగా బోధనాసుపత్రి ఉంటుంది. ముఖ్యమైన విభాగాలన్నీ ఒకేచోట ఉంటాయి, అర్ధరాత్రి వెళ్లినా డ్యూటీలో డాక్టరు ఉంటారు. రద్దీ ఎక్కువే, ఓపిక కావాలి. కానీ అక్కడ చదువుకున్నవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు ఊళ్లోనే సొంత క్లినిక్కులు పెట్టుకుంటారు. ఆ ఊరి పరిమాణానికి మించిన వైద్యం అందుబాటులో ఉండేది అందువల్లే.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను కాలేజీ లేని ఊళ్లో పనిచేస్తున్నాను. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంబులెన్స్ దొరికి, స్కానింగ్ ఉన్న ఊరు చేరేసరికి ఆ సమయం దాటిపోయింది. నాన్నగారు ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారు, కుడిచెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. అమ్మానాన్నలు మీతో ఉంటుంటే మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే వేసుకోండి.

గేటు. క్యాంపస్ గేటు ఊరివాళ్లకు తెరిచి ఉంటుందా? పొద్దున్నే చెట్ల కింద నడవనిస్తారా? పాత రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలావరకు నడకకు వెళ్లనిస్తారు. కేంద్ర సంస్థల్లో గేటు దగ్గర కాపలా గట్టిగా ఉంటుంది, పని లేకపోతే లోపలికి పంపరు. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ ప్రహరీ బయట ఉండేవాడికి ఆ చెట్లు ఉన్నా లేనట్టే. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినరోజు ఉదయం ఆరింటికి గేటు దగ్గరికి వెళ్లి స్వయంగా చూడండి.

సాయంత్రాలు. ఉద్యోగం, వంట, టీవీ అయ్యాక ఇంకేం ఉంటుంది? గ్రంథాలయం, పుస్తకాల కొట్టు, సాహిత్య సభ, కచేరీ, నాటకం. కాలేజీ ఉన్న ఊళ్లో ఇవన్నీ నడిచేది రిటైరైన మాస్టార్లు, లెక్చరర్ల వల్లే. విద్యార్థులు నాలుగేళ్లుండి వెళ్లిపోతారు. ఊరికి దక్కేది ఈ మాస్టార్లే.

ఎన్ని కాలేజీలు. ఒకే కాలేజీ మీద బతికే ఊరికి, పది రకాల కాలేజీలున్న ఊరికి చాలా తేడా. 2020లో లాక్‌డౌన్‌తో హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు మెస్సులు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు మూతపడ్డాయి. అప్పటికే వేరే వ్యాపారాలు, ఆఫీసులు ఉన్న ఊళ్లు త్వరగా తేరుకున్నాయి. వ్యాపారం పెట్టుకోవాలనుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

రైలు, నీళ్లు, వాన సంగతి కూడా ఉంది. అవి ఊరూరికీ వేరు కాబట్టి ఆయా ఊళ్ల దగ్గరే చెబుతాను.

## హనుమకొండ: అన్నీ కొంచెం కొంచెం ఉన్న ఊరు

వరంగల్, హనుమకొండ, కాజీపేట అని మూడు పేర్లున్నా బతికేవాడికి ఒకటే ఊరు. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలల వరసలో అదే మొదటిది, 2002లో ఎన్‌ఐటీ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లోనే మొదలైంది, దాని బోధనాసుపత్రి ఎంజీఎం. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది. ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే ఉంది, దానికి కాళోజీ పేరు పెట్టారు. 2022లో యునెస్కో తన ‘లెర్నింగ్ సిటీస్’ జాబితాలో వరంగల్‌ను చేర్చుకుంది.

ఈ వివరాలకన్నా నన్ను కట్టిపడేసింది వేరే. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నాటిది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి చోటు లేని రోజుల్లో ఊరివాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం అది. అంటే యూనివర్సిటీ రాకముందు డెబ్బై ఏళ్ల నుంచే ఈ ఊరికి పుస్తకం అలవాటు. ఆ అలవాటు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆదివారం ఎక్కడో ఒకచోట పుస్తకావిష్కరణో, కవుల సమావేశమో ఉంటుంది, వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంటే ఎవరూ పిలుపు ఉందా అని అడగరు. 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరిచాక పెద్ద కార్యక్రమాలకూ చోటు దొరికింది.

నడకకు కేయూ క్యాంపస్ వైపు, భద్రకాళి చెరువు బండ్ మీద మంచి దారులున్నాయి. సెలవురోజు వెయ్యి స్తంభాల గుడి, కోట, కాస్త దూరం పోతే 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన రామప్ప. మా పిల్లలు చరిత్రను పాఠంగా చదవకముందే కాకతీయ తోరణాల కింద దాగుడుమూతలు ఆడారు.

సికింద్రాబాద్‌కు రైల్లో రెండు, రెండున్నర గంటలు. కాజీపేట పెద్ద జంక్షన్ కాబట్టి ఢిల్లీ వైపు, విజయవాడ వైపు బండ్లకు కొదవ లేదు. పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి తిరిగి రావచ్చు. వారానికి ఒకటి రెండుసార్లే హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లాల్సిన ఐటీ ఉద్యోగులకు ఈ నాలుగు ఊళ్లలో ఇదొక్కటే నిజంగా వీలయ్యేది.

ఇక లోటు వాన నీళ్లు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో కాలనీలు మునిగాయి. నయీంనగర్ నాలా పక్కన, చెరువుల దిగువన అద్దె కాస్త తక్కువని ఆశపడొద్దు. ఇల్లు చూసేటప్పుడు గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుందో చూడండి, ఎదురింటివాళ్లను ఆ రెండేళ్లలో ఏమైందో అడగండి. ఇంటి ఓనరు చెప్పని సంగతి పక్కింటావిడ చెబుతుంది. ఎండాకాలం మాత్రం భరించాల్సిందే, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట తిరగలేం.

## తిరుపతి: వైద్యంలో, చదువుల్లో ముందు, నిలకడలో వెనక

చదువుల లెక్కలో మిగతా మూడు ఊళ్లూ తిరుపతి ముందు తగ్గాల్సిందే. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960లో మెడికల్ కాలేజీ, 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. 2015లో ఐఐటీ, సైన్స్ చదువులకు, పరిశోధనకు పెట్టిన ఐసర్ మొదలయ్యాయి, అవి ఊరికి దూరంగా ఏర్పేడు వైపు ఉన్నాయి కాబట్టి ఊళ్లో ఉండేవాళ్ల రోజువారీ జీవితంలో వాటి ప్రస్తావన తక్కువే.

వైద్యంలోనూ అంతే. మెడికల్ కాలేజీకి అనుబంధంగా రుయా, గుండె, మెదడు, కిడ్నీ వంటి వాటికి స్విమ్స్, ఎముకలకు బర్డ్. ఇంత తక్కువ దూరంలో ఇన్ని ఉన్న ఊరు మన రెండు రాష్ట్రాల్లో మహానగరాలు తప్పిస్తే అరుదు. వీటికోసం నెల్లూరు, కడప, అనంతపురం నుంచి జనం వస్తారు, అందుకే ఓపీలో వరస పొడవుగా ఉంటుంది.

ఎస్వీయూ రోడ్డులో సాయంత్రం నడుస్తూ తలెత్తితే ఎదురుగా శేషాచలం కొండ. వాన వెలిసిన రోజు ఆ కొండ మీద మబ్బులు దిగడం చూశాక నాకు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో కచేరీలు, హరికథలు తరచూ ఉంటాయి. సంగీత, నృత్య కళాశాల ఊళ్లోనే ఉండటంతో పిల్లలకు గురువును వెతుక్కోవడం తేలిక. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే ఊరు ఊరంతా వేషాలు కడుతుంది. అప్పుడే తిరుపతి యాత్రికులది మాత్రమే కాదు, తనదంటూ ఒక ప్రాణం ఉన్న ఊరని తెలుస్తుంది.

మరి నిలకడ ఎందుకు తక్కువన్నాను? కొండకు రోజుకు అరవై, డెబ్బై వేలమంది వచ్చే ఊరు ఇది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వరస సెలవులు వస్తే రైలు టికెట్ దొరకదు, బస్టాండు వైపు వెళ్లలేం, ఆటోవాళ్లు చెప్పిందే రేటు. బంధువుల రాకపోకలు ఎక్కువ. దర్శనానికి వచ్చినవాళ్లందరూ మీ ఇంట్లో స్నానం చేసి వెళ్తారు. నాకు అది సంతోషమే, మా ఆవిడకు మొదటి ఏడాది ఊపిరాడలేదు. ఇంటి పని ఎవరి మీద పడుతుందో ఆ మనిషిని అడిగి ఈ ఊరిని ఎంచుకోండి.

చెన్నై దాదాపు 135 కిలోమీటర్లు, బెంగళూరు 250. హైదరాబాద్ మాత్రం ఒక రాత్రి ప్రయాణం. పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటే ఇంతకన్నా అనువైన చోటు లేదు. 2021 నవంబరు వరదలు ఇక్కడా పల్లపు కాలనీలను ముంచాయి, కాబట్టి హనుమకొండకు చెప్పిన జాగ్రత్తే ఇక్కడా.

## కాకినాడ: తీరిగ్గా బతకడానికి

పిఠాపురం రాజా కళాశాల 1884 నాటిది. రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన పీఆర్ కాలేజీ అదే. ఇప్పటి కాకినాడ జేఎన్‌టీయూ 1946లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2008లో విశ్వవిద్యాలయం అయింది. రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో వచ్చింది, దాని వల్ల జనరల్ ఆసుపత్రిలో బోధనాసుపత్రి సేవలు అందుతున్నాయి.

కాకినాడను ‘పెన్షనర్స్ ప్యారడైజ్’ అంటారు, ఊరికే అనలేదు. రామారావుపేట, గాంధీనగర్ వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఎక్కడికైనా సైకిల్ మీద పోవచ్చు. డాక్టరు, బ్యాంకు, కూరగాయలు, గుడి, సినిమా అన్నీ పది పదిహేను నిమిషాల్లోనే. డెబ్బై ఏళ్ల మనిషి ఎవరి సాయమూ లేకుండా తన పనులు తాను చేసుకోగలగడం ఎంత గొప్ప సుఖమో ఇక్కడి పెద్దవాళ్లను చూస్తే తెలుస్తుంది. సరస్వతీ గాన సభ కచేరీలకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. శ్రోతలు రాగం పేరు పాటగాడికన్నా ముందే పక్కవాడి చెవిలో చెబుతారు.

భోజనం గురించి చెప్పకపోతే అన్యాయం. కోటయ్య కాజా సంగతి అందరికీ తెలిసిందే. జేఎన్‌టీయూ దగ్గర నాగమల్లితోట జంక్షన్ నుంచి భానుగుడి దాకా సాయంత్రం టిఫిన్ బండ్ల దగ్గర విద్యార్థులు, రిటైరైనవాళ్లు ఒకే బల్ల మీద తింటారు. నాకు అక్కడ పరిచయమైన లెక్చరర్ ఒకరు ఈరోజుకీ పుస్తకాలు పంపుతుంటారు.

లోటు రైలు. కాకినాడ ప్రధాన లైను మీద లేదు, చాలా బండ్లకు సామర్లకోట వెళ్లి ఎక్కాలి. పదిహేను కిలోమీటర్లే అయినా తెల్లవారుజామున మూడింటికి పెట్టెలతో అది పెద్ద దూరమే. హైదరాబాద్‌కు గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణం. విమానం కావాలంటే రాజమండ్రి పోవాలి. ఉక్కపోత ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది. ఉప్పు గాలికి ఇనుప గ్రిల్లు, ఏసీ, ఫ్రిజ్ త్వరగా పాడవుతాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను కథ ఇప్పటికీ ప్రతి ఇంట్లో చెబుతారు, అందుకే పాత ఇల్లైనా గట్టి శ్లాబు ఉన్నదే తీసుకోండి.

## బాపట్ల: ప్రేమ ఎక్కువ, వసతులు తక్కువ

ఇక్కడ చదివాను కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదవండి. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఊరికి ఊపిరి. మనం రోజూ తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో విడుదలైంది. ఆ బీపీటీలో ఉన్నది బాపట్ల పేరే. ఇక్కడి పరిశోధనా పొలాల్లో పుట్టిన గింజ దేశమంతా అన్నమైంది. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిందీ ఈ ఊళ్లోనే. 1981 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం కావడంతో ఆఫీసులు వచ్చాయి.

సూర్యలంక సముద్రం పది కిలోమీటర్లలోపే. విజయవాడ, చెన్నై ప్రధాన లైను మీద స్టేషన్ ఉంది. ఊరు చిన్నది, మనుషులు పేరు పెట్టి పలకరిస్తారు. కానీ పెద్ద జబ్బంటే గుంటూరు పరుగెత్తాలి, అది యాభై కిలోమీటర్లు. నా కథ చెప్పాను కాబట్టి దీని అర్థం మీకు వివరించక్కర్లేదు. తుపాన్లకూ ఇది దారి, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది.

## ఒకచోట పెట్టి చూస్తే

| చూడాల్సింది | హనుమకొండ | తిరుపతి | కాకినాడ | బాపట్ల |
|---|---|---|---|---|
| బోధనాసుపత్రి | ఎంజీఎం | రుయా, స్విమ్స్ | జనరల్ ఆసుపత్రి | లేదు, గుంటూరు వెళ్లాలి |
| సాయంత్రాలు | సాహిత్య సభలు, గ్రంథాలయం | సంగీతం, హరికథ, గుళ్లు | కచేరీలు, తిండి | సముద్రం, పలకరింపులు |
| దగ్గరి మహానగరం | హైదరాబాద్, 2–2.5 గంటలు | చెన్నై, సుమారు 3 గంటలు | దూరమే, రాత్రి ప్రయాణం | విజయవాడ దగ్గర, మహానగరాలు దూరం |
| కాలేజీల వైవిధ్యం | ఎక్కువ | చాలా ఎక్కువ | బాగానే ఉంది | తక్కువ |
| తలనొప్పి | వరద, ఎండ | యాత్రికుల రద్దీ | రైలు, ఉక్క | వైద్యం, తుపాను |

బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల ఊళ్లను ఎందుకు వదిలేశానని అడగొచ్చు. 2008లో మొదలైన ఆ సంస్థల్లో పిల్లలు క్యాంపస్‌లోనే తింటారు, క్యాంపస్‌లోనే ఉంటారు. ఊరికీ కాలేజీకీ రాకపోకలు తక్కువ.

## మీరు ఎవరైతే ఏది

రిటైరైన దంపతులు: పిల్లలు దూరంగా ఉండి, మీ పనులు మీరే చేసుకోవాలంటే కాకినాడ. ఇప్పటికే గుండె, కిడ్నీ జబ్బులతో తరచూ స్పెషలిస్టు అవసరం ఉంటే తిరుపతి. ఆ రెంటిలో తేల్చుకోలేకపోతే మెడికల్ ఫైలు ఎంత మందంగా ఉందో చూసుకోండి.

హైస్కూలు పిల్లలున్నవాళ్లు: హనుమకొండకే నా ఓటు. తొమ్మిదో తరగతి కుర్రాడు బస్సులో పక్కన కూర్చున్న ఎన్‌ఐటీ విద్యార్థిని చూస్తాడు, ఎంజీఎం ముందు తెల్లకోటు వేసుకున్న హౌస్ సర్జన్‌ను చూస్తాడు, గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే అన్నను చూస్తాడు. చదువంటే ఇన్ని దారులున్నాయని ఇంట్లో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. కోచింగ్ బోర్డులు ప్రతి స్తంభానికీ వేలాడే ఊళ్లో పోలికల టెన్షన్ పిల్లల మీద పడుతుంది. మా పెద్దమ్మాయి ఇంటర్‌లో నిద్రపోలేని రాత్రులు నాకు గుర్తున్నాయి. ర్యాంకుల మాట ఇంట్లో ఎత్తకుండా ఉండగలిగితేనే ఇది మంచి ఊరు.

ఇంటి నుంచి పనిచేసే యువత: హైదరాబాద్ కంపెనీ అయితే హనుమకొండ, చెన్నై, బెంగళూరు అయితే తిరుపతి. పెళ్లికానివాళ్లకు ఇంకో సుఖం, బ్యాచిలర్లకు ఇల్లివ్వడం ఈ ఊళ్లకు అలవాటే.

పాతికేళ్ల తర్వాత అమెరికా నుంచి వచ్చేవాళ్లు: మొదట తిరుపతి, హనుమకొండల్లో ఏదో ఒకటి అద్దెకు ప్రయత్నించండి. బాపట్ల లాంటి చిన్న ఊరు సొంతూరైతే తప్ప వెంటనే కొనవద్దు.

చిన్న వ్యాపారం పెట్టేవాళ్లు: విద్యార్థుల మీదే ఆధారపడే మెస్సు, హాస్టలు బాపట్లలో సాహసం. సెలవుల్లో నెలన్నర గల్లాపెట్టె ఖాళీ. తిరుపతిలో సెలవులంటే యాత్రికుల సీజన్, ఒకరు పోతే ఒకరొస్తారు.

## ఇల్లు వెతికేటప్పుడు

కాలేజీ గేటుకు ఆనుకుని ఇల్లు తీసుకోవద్దు. నలుగురు విద్యార్థులు తలా ఇంత వేసుకుని కట్టే అద్దెతో ఒక కుటుంబం పోటీ పడలేదు. ఓనర్లు కూడా అదే లెక్కతో రేటు చెబుతారు. గేటు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే అద్దె తగ్గుతుంది, రాత్రి పుట్టినరోజు కేకలూ తగ్గుతాయి. పక్కన హాస్టలు ఉంటే వేసవిలో బోరు నీళ్లు ఎవరికి ముందు అందుతాయో అడిగి తెలుసుకోండి. ఒక ఊళ్లో నేనున్న ఇంటి పక్క మేడను హాస్టలుగా మార్చారు. ఆ మార్చి నుంచి మేం ట్యాంకరు నీళ్లే కొనుక్కున్నాం.

వెతకడానికి మంచి సమయం ఆఖరి ఏడాది పరీక్షలు అయిపోయిన వెంటనే. అప్పుడు ఒక్కసారిగా టు-లెట్ బోర్డులు లేస్తాయి, కొత్త బ్యాచ్ దిగేలోపు ఓనరు బేరానికి వస్తాడు. అడ్మిషన్ల వేళ వెళ్తే అదే ఇల్లు అదే మనిషి ఇంకో రేటు చెబుతాడు.

ఖాయం చేసుకునే ముందు ఆ ఊరికి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి కాలేజీలు నడుస్తున్నప్పుడు, మామూలు బుధవారం. ఇంకోసారి మే నెలలో, వీధులు ఖాళీగా ఉన్నప్పుడు. మేం హనుమకొండలో స్థిరపడాలని అనుకున్నది అలాంటి మే నెలలోనే. సుబేదారిలో సాయంత్రం ఏడింటికి మెస్సులన్నీ మూసి ఉన్నాయి, ఒక్క టీ కొట్టు ముందు నలుగురు రిటైర్డ్ మాస్టార్లు పోతన పద్యం మీద వాదించుకుంటున్నారు. మా ఆవిడ ఇంకో టీ చెప్పమంది.